ఎర్రిటుకల మేడలో మా ఆవిడ శనివారాలు

మేం ఆ ఇంటికి మొదటిసారి వెళ్ళింది వాన వల్ల.

ఎనభైల మొదటి రోజులవి. న్యూజెర్సీలోని ప్లెయిన్స్‌బరోలో అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. నేను ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో కెమిస్టుని. మా ఆవిడ బందరు నుంచి వచ్చి రెండేళ్ళు కావస్తోంది. ఆవిడ బీఏకి ఇక్కడ ఉద్యోగం దొరకలేదు. పిల్లలు ఇంకా పుట్టలేదు. ఆదివారం తెలుగు చర్చి ఉండేది, శనివారం మాత్రం ఏమీ ఉండేది కాదు. కారేసుకుని ఎటో ఒకవైపు పోయేవాళ్ళం. ఆ శనివారం ఆపిల్ తోటలు చూద్దామని నది దాటి పెన్సిల్వేనియా వైపు వెళితే దారిలో వాన పట్టుకుంది. రోడ్డు కనిపించక ఒక పాత ఊళ్ళో కారు ఆపేశాను. ఎదురుగా, వీధి అంచుకి ఆనుకుని, మూడంతస్తుల ఎర్రిటుకల మేడ ఉంది. తెల్లటి పొడుగు కిటికీలు. తలుపు పక్కన ఇల్లు చూడ్డానికి రావచ్చని బోర్డు.

"వాన తగ్గేదాకా లోపల నిలబడదామా అండీ?" అంది మా ఆవిడ.

అది ఒకప్పుడు ఓడల వర్తకుడి ఇల్లు. ఈ దేశం ఇంకా దేశం కాకముందు కట్టింది. ఆ వంశంలో ఆఖరి మనిషి, పెళ్ళి చేసుకోని ఒక పెద్దావిడ, ఇంటినీ, తరతరాలుగా కొని గోడలనిండా తగిలించిన రంగుల బొమ్మల్నీ ఊరికి రాసిచ్చేసి పోయింది. చూపించడానికి ఒక ముసలాయన ఉన్నాడు. హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరయినవాడు. పొడుగ్గా, సన్నగా, తెల్లటి జుట్టుతో, మెడకి బో టై కట్టుకుని ఉన్నాడు. మాతోపాటు వానకి లోపలికొచ్చిన అమెరికన్లు ఇంకో ఐదారుగురు.

"ఇది జార్జియన్ ఇల్లు," అని మొదలుపెట్టాడాయన.

ప్రశ్న అడిగితే తెలివైనవాడిలా ఉంటుందని నేను, "ఇటుకలు జార్జియా నుంచి తెప్పించారా?" అన్నాను. అందరూ నవ్వారు. ఆయన మర్యాదగానే చెప్పాడు, జార్జియా రాష్ట్రానికీ దీనికీ సంబంధం లేదనీ, అప్పటి ఇంగ్లండు రాజుల పేరు మీద ఆ కట్టుబడికి ఆ పేరు వచ్చిందనీ. తలుపు మధ్యలో పెట్టి రెండు పక్కలా సమానంగా కిటికీలు పెట్టడం ఆ పద్ధతి. నేను తల ఊపాను కానీ చెవులు వేడెక్కాయి.

ముందుగదిలో ఫైర్‌ప్లేస్ పైన నిలువెత్తు బొమ్మ. వర్తకుడి భార్య. బూడిదరంగు పట్టుగౌను, చేతిలో విసనకర్ర. "ఏం కనిపిస్తోందో చెప్పండి" అన్నాడు ముసలాయన, క్లాసులో పిల్లల్ని అడిగినట్టు. ఒకాయన పట్టు మెరుపు గురించి చెప్పాడు. ఒకావిడ నగల గురించి చెప్పింది. నేను ఈసారి నోరెత్తలేదు. అప్పుడు నా పక్కనుంచి మా ఆవిడ గొంతు వినిపించింది. మార్కెట్లో ధర అడగడానికి కూడా నన్ను ముందుకి తోసే మనిషి.

"ఆవిడ ఒక చెప్పు విప్పేసింది," అంది ఇంగ్లీషులో.

అందరూ ముందుకి వంగారు. నిజమే. గౌను అంచు కింద, నీడలో, పట్టుచెప్పు ఒకటి కొద్దిగా పక్కకి ఒరిగి ఖాళీగా ఉంది. కాళ్ళు నొప్పెట్టి ఎవరికీ తెలియకుండా విప్పుకున్నట్టు. మళ్ళీ అందరూ నవ్వారు. నా ప్రశ్నకి నవ్విన నవ్వు కాదది. చూపించినందుకు సంతోషించిన నవ్వు.

ముసలాయన మాత్రం నవ్వలేదు. "ఎక్కడ?" అంటూ మా ఆవిడ దగ్గరికి వచ్చాడు. తల పక్కకి తిప్పి, ఓరగా, ఒకసారి బొమ్మ వంకా ఒకసారి ఆవిడ వంకా చూశాడు. "ఎలా ఉందో చెప్పు. ఏ రంగు? ఎటు తిరిగి ఉంది?" ఆవిడ చెప్పింది. ఆయన చెవి ఒగ్గి విన్నాడు.

వెళ్ళేటప్పుడు ఆవిడతోనే అన్నాడు, "వచ్చే శనివారం మళ్ళీ రా. ఇంకా ఏమేం కనిపిస్తాయో నాకు వినాలని ఉంది."

నన్ను రమ్మనలేదు. కారు నడిపేవాణ్ణి ఎలాగూ వస్తాననుకున్నాడేమో.

అలా మొదలైంది. మొదట రెండు వారాలకోసారి, తర్వాత ప్రతి శనివారం. అక్కడ జీతం లేకుండా సాయం చేసేవాళ్ళని తీసుకుంటారు. మా ఆవిడ వాలంటీరయింది. పొద్దున్నే ఇంటి తలుపులు జనానికి తీయకముందే వెళ్ళాలి. నేను దించి, ఎదురుగా ఉన్న డోనట్ కొట్లో కూర్చునేవాణ్ణి, ముందు జర్నల్ ఏదో ఒకటి తెరిచిపెట్టుకుని. లోపలికి రమ్మని ఆవిడ పిలిచింది. "నాకెందుకు ఆ బొమ్మలు?" అన్నాను. రెండోసారీ పిలిచింది. మూడోసారి పిలవలేదు, అదీ నాకు కష్టంగానే ఉండింది.

డోనట్ కొట్టు కిటికీలోంచి ఆ ఇంటి ముందుగది కనిపించేది. కాఫీ చల్లారిపోతుంటే చూస్తూ కూర్చునేవాణ్ణి. ఆవిడ బొమ్మ ముందు నిలబడి చేతులు తిప్పుతూ మాట్లాడుతుంటే, ముసలాయన పక్కనే నిలబడి ఆవిడ మీదికి తల వంచి వినేవాడు. ఎప్పుడూ ఓరచూపే. ఆడవాళ్ళ వంక ఆ చూపు చూసేవాళ్ళని నేను సినిమాల్లో చూశాను. ఆయనకి డెబ్బై దాటాయని నాకు తెలుసు. భార్య పోయిందనీ తెలుసు. తెలిసినా కడుపులో మంట ఆగేది కాదు.

ఇంట్లో ఆవిడ ఎంత తక్కువ మాట్లాడేదో అప్పుడే లెక్కకొచ్చింది. కూర ఏం చేస్తావంటే మీ ఇష్టం, సినిమాకి వెళదామా అంటే మీ ఇష్టం. "ఏదైనా ఒకటేనండీ" అనేది. అక్కడ ఎవరో చచ్చిపోయిన వర్తకుడి పెళ్ళాం చెప్పు గురించి అంతసేపు ఏం చెబుతోంది? శనివారానికి ముందురోజే చీర ఇస్త్రీ చేసుకునేది. ఆ ఇల్లు చల్లగా ఉంటుందని చీర మీదికి ముదురాకుపచ్చ స్వెటర్ ఒకటి కొనుక్కుంది. నాతో చర్చికి వచ్చేటప్పుడు మాత్రం పాత గోధుమరంగు స్వెటరే సరిపోయేది మరి. సాయంత్రం కార్లో కూర్చుంటే ఆవిడ దగ్గర ఆ ఇంటి మైనం వాసన వచ్చేది, పాత చెక్కలకి రుద్దేది. నాకు నచ్చేది కాదు, కిటికీ అద్దం దించేవాణ్ణి. "చలండీ" అంటే మళ్ళీ ఎత్తేవాణ్ణి.

ఆయన్ని మాస్టారు అనేది. "మాస్టారు అంటే ఏంటని అడిగారండీ. చెప్పాను. భలే సంతోషించారు." ఆ తర్వాత ఆయన ఫోన్ చేసినప్పుడల్లా, నేను ఎత్తితే, "హలో, మాస్టారు హియర్" అనేవాడు, ఆ 'స్టా' దగ్గర నాలుక మడతపడుతూ. వారం మధ్యలో, ఆఫీసు నుంచి నేను వచ్చి టీ తాగుతుండగా మోగేది. ఆవిడ పొడుగు తీగ లాక్కుంటూ ఫోన్ని వంటింట్లోకి తీసుకుపోయి తలుపు దగ్గరగా వేసుకునేది. లోపల్నుంచి మాటలు సరిగ్గా వినిపించేవి కావు. ఎడమచేతి వైపు అనో, నీలం కాదు ఇంకా ముదురు అనో ముక్కలు వినిపించేవి.

"ఏంటంట?" అనేవాణ్ణి.

"ఏం లేదండీ. ఏదో బొమ్మ గురించి."

ఏం లేనిదానికి తలుపెందుకు వేయాలి? అడగలేదు. అడిగితే నేను చిన్నవాణ్ణయిపోతానని భయం. మనసులో మాత్రం రోజూ అడుగుతూనే ఉన్నాను.

చలికాలం వెళ్ళి చెట్లకి చిగురు వచ్చేసరికి మా ఆవిడకి సొంతంగా జనాన్ని తిప్పి చూపించే పని ఇచ్చారు. శనివారం మధ్యాహ్నం టూర్ ఆవిడది. ఒకరోజు నేను డోనట్ కొట్లోంచి లేచి, వీధి దాటి, టికెట్ తీసుకుని మిగతావాళ్ళ వెనకాల నిలబడ్డాను. ఆవిడకి చెప్పలేదు.

ఆవిడ మెట్ల మీద నుంచి దిగి వచ్చింది. నన్ను చూసింది. క్షణం ఆగింది. "వెల్‌కమ్" అంది, అందరితోపాటు నాకూ.

ఆ గొంతు నేను ఎరగను. తొందర లేదు, తడబాటు లేదు. యాస మనదే, దాన్ని దాచుకునే ప్రయత్నం కూడా లేదు. తలుపు, మెట్లు, కిటికీలు, ఏది చెప్పినా జనం అటే తిరిగారు. పిల్లలు కూడా కదలకుండా విన్నారు. మేడమెట్లు ఎక్కుతుంటే నా పక్కనున్న ఒక అమెరికన్ పెద్దాయన నా భుజం మీద మెల్లగా తట్టాడు.

"చాలా బాగా చెబుతోంది కదూ? ఆమె మీకు తెలుసా?"

భార్య అని చెప్పడానికి నోరు తెరిచాను. "కొంచెం," అన్నాను. ఎందుకలా వచ్చిందో నాకే తెలియదు. అన్న తర్వాత ఆలోచిస్తే అబద్ధమని కూడా అనిపించలేదు.

మేడ మీద వెనకగదిలో కిటికీ దగ్గర కుర్చీలో ముసలాయన కూర్చుని ఉన్నాడు, కళ్ళు మూసుకుని ఆవిడ చెప్పేది వింటూ. జనమంతా పక్కగదిలోకి వెళ్ళాక నేను వెళ్ళి ఆయన ఎదురుగా నిలబడ్డాను. ఏదో ఒకటి అనాలని. ఆయన కళ్ళు తెరిచి సూటిగా నా మొహం వంక చూశాడు. గుమ్మంలో ఎన్నిసార్లు చేయి కలిపాం! మొహంలో ఏ గుర్తూ లేదు. దారి తప్పిన టూరిస్టుతో అన్నట్టు, "టూర్ అటువైపు వెళ్ళింది సర్," అన్నాడు.

ఒళ్ళు మండిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు నది మీద వంతెన దాటేదాకా ఓర్చుకున్నాను.

"మీ మాస్టారికి నేను మనిషిలా కూడా కనిపించను కాబోలు. ఎదురుగా నిలబడితే ఎవరో అన్నట్టు పంపించేశాడు."

ఆవిడ ఒళ్ళో ఉన్న స్వెటర్ మడతపెట్టింది. తర్వాత, "మీరు ఆయనకి కనిపించలేదండీ," అంది.

"ఎదురుగానే ఉన్నానంటే!"

"ఎదురుగా ఉన్నదే ఆయనకి కనిపించదు."

నేను కారు పక్కకి తీసి ఆపాను.

అప్పుడు చెప్పింది. ఆయన కళ్ళ నడిమి భాగం పాడైపోయిందట. ఏది సూటిగా చూస్తే అదే మాయమైపోతుందట. పక్కలు కనిపిస్తాయి. గోడ కనిపిస్తుంది, ఫ్రేమ్ కనిపిస్తుంది, మధ్యలో మొహం కనిపించదు. తల తిప్పి ఓరగా చూస్తే ఏదో కొంచెం అందుతుంది. చాలాకాలంగా గుర్తున్నదాన్ని బట్టే జనానికి చెప్పుకొస్తున్నాడు. ఆ సంగతి తెలిస్తే ఇల్లు చూసుకునే కమిటీవాళ్ళు మానిపించేస్తారని భయం. మా ఆవిడ చెప్పు సంగతి చెప్పిన రోజున, తన బొమ్మలు తనకి తెలియకుండా జారిపోతున్నాయని ఆయనకి తెలిసొచ్చిందట. అప్పట్నుంచి పొద్దున్నే, జనం రాకముందు, ఒక్కో బొమ్మ ముందూ నిలబడి ఆవిడ చెబుతుంది, ఆయన వింటాడు. మధ్యలో ఏదైనా మర్చిపోతే ఫోన్ చేస్తాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"ఎవరికీ చెప్పనని మాటిచ్చానండీ."

"నేను పరాయివాణ్ణా?"

ఆవిడ నా వంక చూసి, "ఆయన రహస్యం కదండీ. నాది కాదుగా," అంది.

అప్పుడు నాకు ఊరట కలగాలి. కలిగింది కూడా, మళ్ళీ కారు స్టార్ట్ చేసేంతవరకు. తర్వాత అంతకుముందుకంటే పెద్ద మంట మొదలైంది. ముసలాయన వెకిలి మనిషయితే తిట్టేవాణ్ణి, ఆవిణ్ణి మానిపించేవాణ్ణి, నా పక్షాన పదిమందీ మాట్లాడేవారు. దీనికేం చేయాలి? ఒక మనిషికి మా ఆవిడ కళ్ళయింది. చలికాలమంతా ఆయన కోసం ఒక మాట దాచింది. నాకోసం దాచవలసిన మాట ఆవిడ దగ్గర ఒక్కటైనా ఉందా?

ఇంటి దగ్గరికొచ్చాక అడిగాను. "అయితే నాకూ ఒక బొమ్మ గురించి చెప్పు. ఆయనకి చెప్పినట్టు."

నేను ఎగతాళి చేస్తున్నానో, నిజంగా అడుగుతున్నానో ఆవిడకి అర్థం కాలేదు. "మీరు చూడగలరు కదండీ," అంది.

ఆ తర్వాతి శనివారం నేనూ లోపలికి వెళ్ళాను. ముసలాయనకి ముందే చెప్పింది కాబోలు, నా పేరు పెట్టి పలకరించి, ఆ రోజు గుర్తుపట్టనందుకు క్షమించమన్నాడు. నేను ఫర్వాలేదన్నాను. మేడ మీద వెనకగదిలో చిన్న బొమ్మ ఒకటుంది. వంటింటి బల్ల మీద రాగిగిన్నె, నిమ్మకాయ, ఒక పెద్ద చేప. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. మా ఆవిడ మొదలుపెట్టింది.

"ఇది పొద్దున పట్టిన చేప. కన్ను ఇంకా తెల్లబడలేదు. మా ఊళ్ళో పండుగప్ప అంటాం, ఇంచుమించు అలాగే ఉంది. పొలుసు తీయలేదు. మొప్ప కొంచెం తెరుచుకుని ఉంది, లోపల ఎరుపు, ఎర్ర గాజుపెంకు మీద వెలుగు పడితే ఎలా ఉంటుందో అలాంటి ఎరుపు."

"మొప్ప ఎందుకు చూస్తున్నావు?" అన్నాడాయన.

"మా అమ్మ నేర్పింది. చేపల బజారుకి వెళితే అమ్మ దూరంగా నిలబడి నన్ను ముందు పంపించేది. చిన్నపిల్లనని ఎవరూ పట్టించుకోరుగా. నేను వంగి మొప్పల రంగు చూసి వచ్చి చెప్పాలి. ఒట్టి ఎరుపు అంటే ఒప్పుకునేది కాదు. ఏ ఎరుపో చెప్పవే అనేది. దానిమ్మ ఎరుపా, ఇటుక ఎరుపా? ఇటుక అంటే ఇంకో గంప దగ్గరికి పోయేవాళ్ళం."

"మీ అమ్మ ఉన్నారా?"

"లేరు. నాకు పన్నెండేళ్ళప్పుడు పోయారు. పోయాక చేపల బజారుకి మా నాన్న వెళ్ళేవారు. ఆయన రంగులు అడిగేవారు కాదు."

వాళ్ళమ్మ చిన్నప్పుడే పోయిందని నాకు తెలుసు. పెళ్ళిచూపుల రోజునే చెప్పారు. మొప్పల సంగతి తెలియదు. చేపల బజారు సంగతి తెలియదు. వాళ్ళ నాన్న ఒక్కడే సంచి పట్టుకుని బజారుకి వెళ్ళడం తెలియదు. ప్రతివారం ట్రెంటన్ వెళ్ళి చేపలు కొనుక్కొచ్చేవాణ్ణి నేను. ఆవిడ కడిగి వండి పెట్టేది. ఒక్కనాడూ నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. ముసలాయన అడిగాడు, చెప్పింది. నేను తలుపు చెక్క పట్టుకుని నిలబడి, సొంత పెళ్ళాం గురించి పరాయివాడు అడిగితే వింటున్నాను.

ఆ సాయంత్రం నుంచి నేనూ అడగడం మొదలుపెట్టాను. మొదట్లో మరీ పోలీసు విచారణలా అడిగేవాణ్ణి. "స్కూల్లో నీ పక్కన ఎవరు కూర్చునేవారు?" "మీ ఇంటి తలుపు రంగేంటి?" ఆవిడ నవ్వి, "ఏంటండీ ఇవాళ?" అనేది. కొన్నిటికి జవాబిచ్చేది. కొన్నిటికి "గుర్తులేదండీ" అనేది. ఆ గుర్తులేనివి ఆయనకి చెప్పిందేమోనని మళ్ళీ అదో బాధ. కానీ వంటింటి బల్ల దగ్గర మా మాటలు పెరిగాయి. అది నిజం. తర్వాత మాకు పాప పుట్టింది. ఉయ్యాలబుట్ట చేత్తో పట్టుకుని మేం ముగ్గురం ఆ ఇంటికి వెళ్ళేవాళ్ళం. ముసలాయన పాపని చూడ్డానికి తల పక్కకి తిప్పి, చెంప మీద వేలితో మెల్లగా రాసేవాడు.

రెండేళ్ళకి ఆయన చూపు పక్కల నుంచి కూడా తగ్గింది. దాచడం ఇక కుదరలేదు. కమిటీవాళ్ళు ఆయన భయపడినట్టు ఏమీ చేయలేదు, కూర్చుని మాట్లాడమని కుర్చీ వేశారు. కానీ ఆయనకే ఉండబుద్ధి కాలేదు. ఒహాయోలో ఉన్న కూతురు వచ్చి తీసుకెళ్ళడానికి ఏర్పాటు చేసుకుంది. ఆయన వెళ్ళేముందు ఆఖరి శనివారం వీడ్కోలుకి కేకు కోశారు. మా ఆవిడ పులిహోర చేసి పట్టుకొచ్చింది. ఆయన రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు. మా ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ పాపకి పాలసీసా వెచ్చపెట్టడానికి లోపలికి వెళ్ళింది.

ఆయన నన్ను దగ్గరికి రమ్మన్నాడు. వెళ్ళాను. నా చేయి పట్టుకుని, మొహం కిటికీ వైపు తిప్పుకుని, కంటి కొసతో చాలాసేపు నన్ను వెతికాడు.

"చెప్పినట్టే ఉన్నారు," అన్నాడు.

"ఎవరు చెప్పారు?"

"ఆమే. మొదటి చలికాలంలో ఒకరోజు మంచు బాగా పడింది, ఎవరూ రాలేదు. బొమ్మలన్నీ అయిపోయాయి. కిటికీలోంచి ఎదుటి కొట్లో మీరు కనిపిస్తున్నారంది. అయితే ఆయన్ని చెప్పు అన్నాను. బొమ్మని చెప్పినట్టే. చెప్పింది. చాలాసేపు పట్టింది."

ఆ చలికాలంలో ఆ కిటికీ అవతల నేనెలాంటి మొహం పెట్టుకుని కూర్చున్నానో నాకు తెలుసు.

"ఏం చెప్పింది?"

ఆయన నవ్వాడు. నా చేతి మీద రెండోచేయి వేశాడు. "మిగతా బొమ్మల గురించి నేను జనానికి చెప్పాను. ఇది మాత్రం నా దగ్గరే ఉంచుకుంటాను."

కూతురు కోటు తెచ్చి తొడిగింది. నేనే ఆయన్ని మోచేయి పట్టుకుని మెట్లు దింపి కార్లో కూర్చోబెట్టాను. వీధి మలుపు దాటేదాకా మేం ముగ్గురం నిలబడి చేతులూపాం.

ఆ తర్వాత నాకు నార్త్ కరోలినాలో ఉద్యోగం వచ్చింది. క్యారీ అనే ఊరికి మారిపోయాం. అక్కడ అన్నీ కొత్త ఇళ్ళే. ఒహాయో నుంచి రెండు క్రిస్మస్ కార్డులు వచ్చాయి, కూతురి చేతిరాతతో. మూడోదాని బదులు, ఆయన పోయాడని చిన్న ఉత్తరం వచ్చింది. మా ఆవిడ ఆ రోజు వంట చేయలేదు. నేనే అన్నం, చారు చేసి పెట్టాను.

తినడం అయ్యాక అడిగాను, ఎన్నాళ్ళుగానో అడుగుదామనుకున్నది. "ఆ మంచుపడ్డ రోజున నా గురించి ఆయనకి ఏం చెప్పావు?"

ఆవిడ కంచం తీస్తూ ఆగి, నా వంక చూసింది. నిజంగానే చూసింది, నుదుటి దగ్గర్నుంచి గడ్డం దాకా, తొందర లేకుండా. నేను కదలకుండా కూర్చున్నాను. చెబుతుందనే అనుకున్నాను.

"మాస్టారు చెప్పలేదుగా," అంది. "నేనెలా చెప్తానండీ?"

కంచాలు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. ఆ తర్వాత కూడా ఏడాదికి ఒకటి రెండుసార్లు అడుగుతూనే ఉన్నాను. ఇప్పటిదాకా చెప్పలేదు.